ఫార్మాట్ చేయమంటున్న హార్డ్‌డిస్క్: అక్క పెళ్ళి ఫొటోలు దక్కుతాయా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం, కాస్త సాయం కావాలి. పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన 1 టీబీ హార్డ్‌డిస్క్. అక్క పెళ్ళి ఫొటోలు, నాన్న పొలం కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే. మొన్నటిదాకా ఫోల్డర్ తెరుచుకోడానికి రెండు మూడు నిమిషాలు పట్టేది. నిన్నటి నుంచి యూఎస్‌బీ కేబుల్‌తో పెడితే విండోస్ ‘ముందు ఫార్మాట్ చేయండి’ అంటోంది. చేయలేదు, బతికిపోయాను. తిరుగుతోంది, వింత శబ్దాలేమీ లేవు. ఒక రికవరీ షాపువాళ్ళు డిస్క్ చూడకుండానే 18 వేలు చెప్పారు. ఉచిత సాఫ్ట్‌వేర్లతో పనవుతుందా? రాత్రికి చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు సరిదిద్దే టూల్) రన్ చేద్దామనుకుంటున్నా. అక్కకి ఇంకా చెప్పలేదు, అదొక టెన్షన్.

జవాబు (బనశంకరి)

చెక్‌డిస్క్ చేసేయండి బ్రో, నాకు పనిచేసింది. కాకపోతే కవర్లో చుట్టి ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టి చూడండి.

జవాబు (కె.ఆర్. పురం)

తమ్ముడూ, ఆ రెండూ వద్దు. చెక్‌డిస్క్‌కి కావలసింది ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక, సరిగ్గా ఉండటమే, అందుకోసం పోయే డిస్క్ మీదే మళ్ళీ రాస్తుంది. ఈ క్రమంలో మీ ఫైళ్ళు ఏమైనా దానికి పట్టదు. ఇక ఫ్రిజ్‌లోంచి తీస్తే లోపల తేమ పడుతుంది. ఉన్నదీ పోతుంది.

ఒక్క విషయం పట్టుకోండి: పాత డిస్క్‌ని కాపీ తీయడానికి మాత్రమే చదవాలి, మిగతా పనంతా ఆ కాపీ మీదే చేయాలి. ఖర్చు పెట్టాల్సింది కొత్త డిస్క్ మీదే, 2 టీబీది. ఎస్.పి. రోడ్‌లో బేరమాడి తెచ్చుకోండి. సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమే.

రూఫస్ (బూటయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే టూల్)తో పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్ వేసుకోండి. కావలసిన టూల్స్ అందులోనే ఉంటాయి. యూఎస్‌బీ కేబుల్ పక్కన పెట్టి పాత డిస్క్‌ని డెస్క్‌టాప్ మదర్‌బోర్డ్ మీది సాటా పోర్ట్‌కే నేరుగా తగిలించండి. చెడ్డ సెక్టార్ (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడి) తగిలితే ఈ యూఎస్‌బీ కేబుళ్ళు చాలావరకు మొరాయిస్తాయి. ముందు స్మార్ట్‌సీటీఎల్ అనే టూల్‌తో డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కల్లో 5, 197, 198 నంబర్ల విలువలు చూడండి. 197 సున్నా కాకపోతే, డిస్క్ చదవలేక ఆగిపోయిన సెక్టార్లు ఉన్నట్టే.

అసలు పని చెడుతున్న డిస్క్‌ని కాపీ తీసే డిడిరెస్క్యూది. కమాండ్‌లో ముందు పాత డిస్క్, తర్వాత ఇమేజ్ ఫైలు (డిస్క్ మొత్తానికి కాపీ), చివర మ్యాప్ ఫైలు, ఇదీ వరుస. లినక్స్ డిస్క్‌లకి పెట్టే పేర్లలో ఏది ఎస్‌డిఎ, ఏది ఎస్‌డిబి అన్నది గుర్తుమీద నమ్మకండి. సీరియల్ నంబర్‌ని డిస్క్ మీది స్టిక్కర్‌తో పోల్చి చూసుకోండి. మొదటిసారి కమాండ్‌కి మైనస్ ఎన్ (-n) పెట్టి నడిపితే తేలిగ్గా వచ్చేదంతా తెచ్చేసి, మొండి చోట్లను వదిలేస్తుంది. రెండోసారి మైనస్ డి, మైనస్ ఆర్ 3 (-d -r3) పెడితే ఆ మిగిలినవాటి మీద మళ్ళీ మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదన్న లెక్కంతా మ్యాప్ ఫైల్లో ఉంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటునుంచే సాగుతుంది. ఆ ఫైలు మాత్రం కొత్త డిస్క్ మీదే ఉండాలి. నేనోసారి లైవ్ సెషన్‌లోనే, అంటే పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్న లినక్స్‌లోనే వదిలేశాను. అది ర్యామ్‌లో ఉంటుందని తట్టలేదు. కరెంటు పోయింది, తొమ్మిది గంటల పని గంగలో కలిసింది.

ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ అయితే సెకనుకు 100 ఎంబీ చొప్పున మూడు గంటల్లోపే అయిపోతుంది. మీదానికి రోజులు పట్టొచ్చు, కంగారు పడకండి. మధ్యలో టకటకమని కొట్టుకోవడం మొదలైతే మాత్రం వెంటనే పవర్ తీసేయండి. అది ఇక సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు, ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే.

ప్రశ్నించినవారు

రెండు రోజులు నడిచింది అన్నా. 99.8 శాతం వచ్చింది. ఇప్పుడు ఫొటోరెక్ (పోయిన ఫైళ్ళు వెలికితీసే టూల్) వేసేయనా?

జవాబు (కె.ఆర్. పురం)

ఆగండి, దాన్ని చివరికి ఉంచుకోండి. ముందు టెస్ట్‌డిస్క్ అనే రికవరీ టూల్‌లో ఆ ఇమేజ్ తెరవండి. పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్ళుండే భాగం) కనబడితే పి నొక్కండి, ఫోల్డర్లు పాత పేర్లతోనే వస్తాయి. కావలసిన ఫోల్డర్ మీద సి నొక్కి కాపీ చేసుకోండి. అది కుదరకపోతే డిఎమ్‌డిఇ అనే ఇంకో రికవరీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచిత వెర్షన్‌లో ఒక్కో ఫోల్డర్ నుంచి విడతకి 4,000 ఫైళ్ళు తీసుకోవచ్చు, పెళ్ళి ఆల్బమ్‌కి చాలు.

ఫొటోరెక్‌కి ఫోల్డర్లూ పేర్లూ తెలియవు. జేపెగ్ అయితే ఎఫ్ఎఫ్ డి8 ఎఫ్ఎఫ్ అనే మొదటి బైట్లు చూసి పట్టుకుంటుంది. ‘అక్క పెళ్ళి’ ఫోల్డర్ కాస్తా ఎఫ్ అక్షరం పక్కన అంకెలున్న వేల ఫైళ్ళుగా బయటపడుతుంది. అప్పుడు ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో, కెమెరా ఫొటోలో రాసిపెట్టిన తేదీని బట్టి విడగొట్టుకోవాల్సి వస్తుంది. పని అవుతుంది గానీ ఓపిక కావాలి.

ప్రశ్నించినవారు

టెస్ట్‌డిస్క్‌లోనే దొరికాయి! నాన్న స్కాన్లన్నీ తెరుచుకున్నాయి. పెళ్ళి ఫొటోల్లో పదకొండింటికి మాత్రం సగం నుంచి కింద అంతా బూడిద రంగు.

జవాబు (కె.ఆర్. పురం)

ఆ భాగాల సెక్టార్లు రాలేదన్నమాట. డిడిరెస్క్యూని అదే మ్యాప్ ఫైలుతో, మైనస్ ఆర్ 1తో పాటు పెద్ద ఆర్ (-r1 -R) కూడా పెట్టి వెనకనుంచి ముందుకు ఒకసారి చదివించండి, కొన్ని దక్కొచ్చు. తర్వాత ఇమేజ్‌లోంచి ఆ ఫొటోల్ని మళ్ళీ కాపీ చేసుకోవాలి. ఈలోగా తీసినవాటిని ఇంకోచోట కూడా పెట్టుకోండి.

ప్రశ్నించినవారు

పదకొండులో ఏడు పూర్తిగా వచ్చాయి. మిగిలిన నాలుగూ తలంబ్రాలవి. అక్కకి ఫోన్ చేసి చెప్పేశాను. ‘అవి మీ బావ దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయిరా, అడిగితే ఇచ్చేవాడుగా’ అంది.