ఇంటర్‌ప్రెటర్‌ని దుబాసీ అనొచ్చా?

పర్లాకిమిడి నుంచి:

పెద్దలకి నమస్కారం, ఒక మాట గురించి అడగాలి గానీ అది ఎలా వచ్చిందో ముందు చెప్పకపోతే తలాతోకా తెలీదు. మా చెల్లెలి కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడు, సెలవులకొచ్చి నా పాత విండోస్ కంప్యూటర్ ముందు బైఠాయించి లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషని సోర్సు నుంచి, అంటే మనుషులు రాసిన అసలు ప్రోగ్రాం నుంచి, కంపైల్ చేస్తానన్నాడు, మిషను భాషలోకి మార్చుకుంటాడన్నమాట. తయారుగా దొరుకుతుంది కదరా అంటే, "దొరుకుతుంది మామయ్యా, కానీ దీని సోర్సంతా కుదించి ఇచ్చే డౌన్‌లోడ్ నాలుగొందల కేబీ కూడా లేదు, నీ ఫోన్‌లో ఒక ఫొటో దీనికి పదింతలుంటుంది, సొంతంగా కట్టుకుంటే సరదా" అన్నాడు. 1993లో బ్రెజిల్‌లో రియో డి జనీరోలో ఒక యూనివర్సిటీ వాళ్ళు మొదలుపెట్టారట, పోర్చుగీసులో లువా అంటే చందమామ.

మా అమ్మ వచ్చి "గుంటడు పొద్దున్నించి ఏటి చేస్తన్నాడు?" అంది. "ఇంటర్‌ప్రెటర్‌ని కంపైల్ చేస్తున్నాడమ్మా" అన్నా, ఇంటర్‌ప్రెటర్ అంటే లువాలో రాసింది చదివి నడిపించే ప్రోగ్రాం. నాకే నవ్వొచ్చింది, ఆ వాక్యంలో తెలుగు "చేస్తున్నాడమ్మా" ఒక్కటే. పారిభాషిక పదాలు వెతికితే ఇంటర్‌ప్రెటర్‌కి వ్యాఖ్యాత అని ఉంది. అది చెప్తే "క్రికెట్ చెప్పేవోడా?" అంది. కంపైల్‌కి సంకలనం అంటే "కూడికలా?" అంది. చివరికి విసుగొచ్చి "దుబాసీ అమ్మా, దుబాసీని తయారు చేస్తున్నాడు" అన్నాను, వెంటనే "ఓ, మా నాన్న సంతలో చేసిన పనా" అని లోపలికెళ్ళిపోయింది. అంతే, ఇంకేం అడగలేదు!

అందుకని అడుగుతున్నా, దుబాసీ అనొచ్చా? పాతవాసన వేస్తుందా?

బరంపురం నుంచి:

వేస్తే వేసింది, మంచి వాసనే. ద్విభాషి నుంచి దుబాసి, బ్రౌన్ నిఘంటువులోనే ఉంది. మా ఊళ్ళో ఒడియా వాళ్ళు దోభాషీ అంటారు కాబట్టి ఈ మాట మీద గొడవే ఉండదు, రెండు వైపులా అర్థమయ్యే మాటలు మనకి ఎన్నున్నాయి చెప్పండి. ఏనుగుల వీరాస్వామి గారు మద్రాసు సుప్రీం కోర్టులో చేసిన ఉద్యోగం కూడా ఇంటర్‌ప్రెటరే కదా.

ఒక్క చిక్కుంది. కంపెనీ రోజుల్లో దుబాసీ అంటే మాట మార్చి చెప్పేవాడు ఒక్కటే కాదు, తెల్లవాళ్ళకి బేరాలు కుదిర్చి మధ్యలో తన వాటా తాను చూసుకునేవాడు కూడా. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గరున్న ఆనందరంగపిళ్ళై ఎంత పెద్ద వర్తకుడో తెలుసుగా. మీవాడి లువా కమీషన్ తీసుకోదు కదా.

రాయగడ నుంచి:

కమీషన్ తీసుకుంటుంది అన్నా, దానికి పట్టే టైమే దాని కమీషన్ 😀 నేను పదేళ్ళ నుంచి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి ఒక అభ్యంతరం. దుబాసీ అంటే పక్కన నిలబడి ఒక వాక్యం వినడం, ఒక వాక్యం చెప్పడం. కంపైలర్ అంటే పుస్తకం మొత్తం ముందే అనువాదం చేసి చేతిలో పెట్టేవాడు. క్లాసులో అందరూ ఇలాగే చెప్తారు గానీ లువా అలా లైను లైనుకీ చెయ్యదు, మనం రాసిన ఫైలంతా ముందు చదివి బైట్‌కోడ్ అని తనకి మాత్రమే అర్థమయ్యే పొట్టిరాతలోకి మార్చుకుని తర్వాత ఆ పొట్టిరాతని నడిపిస్తుంది. అందుకే చివర్లో ఎక్కడో ముగింపు చెప్పే ఎండ్ అనే మాట ఒకటి మర్చిపోతే మొదటి లైను కూడా నడవదు. అంటే మీ దుబాసీ కడుపులో చిన్న కంపైలర్ ఒకటి ఉందన్నమాట. దాన్నేమంటారు మరి?

పాతపట్నం నుంచి, రిటైరైన లెక్కల మాస్టారు:

సంకలనం సంగతి మీ అమ్మగారు చెప్పిందే రైటు. మా ఆంధ్రా వైపు తెలుగు మీడియంలో సంకలనం, వ్యవకలనం అంటే కూడిక, తీసివేతే. తమాషా ఏమిటంటే నది దాటి మీ వైపు ఒడియా మీడియంలో చదివిన పిల్లలకి కూడిక మిశాణ, తీసివేత ఫేడాణ, కాబట్టి వాళ్ళకి సంకలనం అంటే కంగారు ఉండదు, మనవాళ్ళకే. నన్నడిగితే కూర్చడం అనండి, ముక్కలన్నీ తెచ్చి ఒకటిగా కూర్చడం. ఇంతకీ మీ మేనల్లుడు ఎలా చేశాడో రాయలేదు బాబూ, అది తెలిస్తే కదా మాట అతుకుతుందో లేదో తెలిసేది.

పర్లాకిమిడి నుంచి:

రాస్తాను మాస్టారూ, నేను పక్కన కూర్చుని చూశా. ఫోల్డర్‌లో ముప్పై పైచిలుకు సి ఫైళ్ళున్నాయి. అన్నిటినీ ఒకేసారి జీసీసీ అనే కంపైలర్‌కి ఇచ్చేశాడు, అది కాసేపు గింజుకుని "మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ మెయిన్" అని ఆగిపోయింది. మెయిన్ అంటే ప్రోగ్రాం మొదలయ్యే చోటు, ఒకటే ఉండాలి. ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దకోడళ్ళు అన్నమాట. లువా డాట్ సి లో ఒక మెయిన్, లువాక్ డాట్ సి లో ఇంకో మెయిన్, ఇది దుబాసీ, అది రాయగడ అన్న చెప్పిన పొట్టిరాత మాత్రమే రాసిపెట్టే గుమాస్తా. గుమాస్తాని పక్కకి తీసి మళ్ళీ కొడితే గుక్క నీళ్ళు తాగేలోపు నడిపించే ఈఎక్స్ఈ ఫైలు వచ్చేసింది. వాడు చెప్పడం, ఏది ఎలా కట్టాలో రాసిపెట్టిన మేక్‌ఫైల్ వాడి, విండోస్ కోసమని తెలిసేలా మింగ్‌డబ్ల్యూ అని చెప్పుంటే అదే చూసుకునేదట, వేరే ప్రోగ్రాములు వాడుకునే డీఎల్ఎల్ ఫైలు కూడా విడిగా చేసి పెట్టేదట, తొందరపడ్డాడు.

అయితే మాస్టారూ, చూస్తే అందులో రెండు పన్లున్నాయి. ఒక్కో ఫైలునీ మిషనుకి తెలిసే భాషలోకి మార్చడం ఒకటి, మార్చిన వాటికి ఒకదానికొకటి లంకె వెయ్యడం ఇంకోటి. ఇద్దరు మెయిన్‌ల గొడవ ఈ రెండోదాంట్లోనే వచ్చింది. లింకర్‌కి లంకె బ్రహ్మాండంగా కుదిరింది, కూర్చడం అన్నది కూడా దీనికే దగ్గర. మొదటిదానికి మాత్రం నేను కంపైల్ అనే అంటాను, బస్సుని బస్సన్నట్టు.

ఇక రాయగడ అన్న అభ్యంతరం అమ్మ ముందు పెట్టా. మా తాతకి సవర భాష బాగా వచ్చు. సంతకి కొండ దిగి చింతపండు, పసుపు తెచ్చే సవరలకీ షావుకార్లకీ మధ్య కూర్చునేవాడట. అమ్మ ఏమందంటే, "ముక్క ముక్కకీ చెప్పేవోడు కాదు. ఆళ్ళు చెప్పిందంతా ఇని, ఏళ్ళ కణుపుల మీద లెక్కెట్టుకుని, అప్పుడు షావుకారికి చెప్పేవోడు. మధ్యలో మాట పొసగకపోతే అసలు నోరిప్పేవోడే కాదు, మళ్ళీ మొదట్నించి చెప్పమనేవోడు." ఎండ్ మర్చిపోతే మొదటి లైను కూడా నడవదని నువ్వన్నది ఇదే కదన్నా! ఆ వేళ్ళ కణుపులే బైట్‌కోడ్. గిడుగు వారు ఇదే ఊళ్ళో సవర నేర్చుకున్నప్పుడు తెలుగొచ్చిన సవర మనిషినే ఇంట్లో పెట్టుకున్నారు, ఆయనకీ ముందు కావలసి వచ్చింది దుబాసీయే.

రాయగడ నుంచి:

ఒప్పేసుకున్నా. అమ్మగారికి దండం.

పర్లాకిమిడి నుంచి:

చివరిగా ఒకటి. మావాడు ఉషారొచ్చి మొదటి ప్రోగ్రాం ఫైలుకి తెలుగులోనే దుబాసీ అని పేరు పెట్టి నడిపించాడు. "కెనాట్ ఓపెన్" అని, పేరు బదులు వరసగా క్వశ్చన్ మార్కులు చూపించింది. విండోస్‌లో ఈ లువా ఫైళ్ళ పేర్లని పాత కోడ్‌పేజీ, అంటే అక్షరాల పట్టిక, దారిలో అందుకుంటుందట, ఆ దారిలో తెలుగుకి చోటే లేదట. ఫైలు లోపల తెలుగుంటే మాత్రం దానికేం పట్టదు, బైట్లుగా మోసుకుపోతుంది. పేరు ఇంగ్లీషులోకి మార్చి, లోపల దుబాసీ అన్న మాట పొడుగెంతో అడిగితే 18 అంది, అవి బైట్లు. యూటీఎఫ్8 లెన్ అని అడిగితే గుణింతం గుర్తుల్ని కూడా విడిగా లెక్కేసి 6 అంది.

అమ్మ వెనకనుంచి చూసి, "మూడక్షరాలే కదురా" అంది.