గోల్ఫ్‌లో ‘ఫోర్’, ఓడలో ‘ఫోర్’ ఒకటేనా?

ప్రశ్న: మాది నరసాపురం. మా పెద్దబ్బాయి సరుకు ఓడలో పనిచేస్తాడు. ఫోన్ చేసినప్పుడల్లా ‘ఫోర్ వైపు రంగులేస్తున్నాం నాన్నా’ అంటాడు. నిన్న టీవీలో గోల్ఫ్ చూశాను (క్రికెట్ వానకి ఆగిపోయింది లెండి). బంతి జనం మీదకి పోతుంటే ఆటగాడు ‘ఫోర్’ అని అరిచాడు. బౌండరీ కొట్టాడనుకున్నాను! రెండూ ఒకే మాటా?

జవాబు: నాలుగు కాదండీ, స్పెల్లింగే వేరు. ఈ ఫోర్ అంటే పాత ఇంగ్లిష్‌లో ‘ముందు’. ఓడ ముందుభాగం ఫోర్, వెనక ఆఫ్ట్. గోల్ఫ్‌లో ముందున్నవాళ్లకి హెచ్చరిక. ఆ కేక ఎలా పుట్టిందో మాత్రం తేలలేదు. ఒక వాదన ఇదీ: పూర్వం తోలులో ఈకలు కుక్కి బంతి చేసేవారు. ఖరీదెక్కువ, పోతే ప్రాణం ఉసూరుమనేది. అందుకని బంతి పడేచోట ముందే ఒక కుర్రాణ్ణి నిలబెట్టేవారు. వాడు ఫోర్‌కాడీ. వాణ్ణి పిలిచే కేకే కురచై ‘ఫోర్’ అయిందంటారు. 1848 ప్రాంతంలో గట్టాపెర్చా అనే చెట్టుపాలతో చేసిన చవక బంతులొచ్చాయి, కేక మాత్రం మిగిలింది. ఫిరంగిదళం కేక అనే కథ కూడా ఉంది గానీ నాకు నమ్మబుద్ధి కాదు.

ఇంకో జవాబు: అంతర్వేదిలో మా తాత పడవ ముందుభాగాన్ని అణియం, వెనకదాన్ని అమరం అనేవాడు.

ప్రశ్న అడిగినవారు: ఆయ్, బాగుందండీ. మావాడు ‘ఫోక్సుల్’ అని కూడా అంటాడు. తినే వస్తువనుకున్నాను.

జవాబు: అది ఫోర్‌కాసిల్ అండీ, ఓడ ముందుభాగంలో ఉండే పై డెక్కు. మాటకి అర్థం ‘ముందు కోట’. నావికుల నోట్లో అలా నలిగింది.