ఆఫర్ లెటర్ లేదు, జీతం తేదీ చెప్పట్లేదు, సోమవారం నుంచి రమ్మంటున్నారు: బెంగళూరులో చేరేముందు ఏమేం చూసుకోవాలి?

కొత్తగా_కోరమంగళ
హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పదిహేను మంది ఉన్న చిన్న కంపెనీ. జీతం నెలకు 45 వేలని ఫోన్‌లో చెప్పారు. లెటర్ అడిగితే "ముందు చేరండి, నెలాఖరులో ఇస్తాం" అంటున్నారు. జీతం ఎప్పుడు పడుతుందంటే "ఫండింగ్ రాగానే అందరికీ కలిపి వేస్తాం" అంటున్నారు. ఇలాంటి చోట చేరొచ్చా? చేరితే ఏం జాగ్రత్తపడాలి? సాఫ్ట్‌వేర్ వాళ్లే కాదు, షాపుల్లో, మెస్సుల్లో, బిల్డింగ్ కట్టే సైట్ల మీద పని గురించి తెలిసినవాళ్లు కూడా రాయండి.

పేరోల్_అక్క
ఆ రెండు మాటలూ ఒకటి కాదండి, విడివిడిగా చూడండి. "లెటర్ తర్వాత ఇస్తాం" అంటే చాలాసార్లు బద్ధకమే, చిన్న ఆఫీసుల్లో హెచ్‌ఆర్ అంటూ ఎవరూ ఉండరు. "ఫండింగ్ రాగానే జీతం" అంటే మాత్రం ఈ నెల జీతాలకు బ్యాంకులో డబ్బు లేదని వాళ్లే ఒప్పుకున్నట్టు. మొదటిదాన్ని మనమే ఒక మెయిల్ రాసి సరిచేసుకోవచ్చు. రెండోదానికి కాగితం ఎంత గట్టిదైనా మందు కాదు.

చేరేముందు పీఎఫ్ వ్యవహారాలు చూసే ఈపీఎఫ్‌ఓ సైట్‌లో "ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్" తెరిచి కంపెనీ పేరు కొట్టండి, లాగిన్ అక్కర్లేదు. పేమెంట్ వివరాలు నొక్కితే ఏ నెల జీతాలకు, ఏ తేదీన, ఎంతమందికి, ఎంత పీఎఫ్ కట్టారో వరసగా వస్తుంది. అక్కడ రెండు గళ్లు చూడాలి. ఒకటి తేదీ. ప్రతి నెల పీఎఫ్ మరుసటి నెల 15లోపు కట్టాలి. మొన్నటిదాకా 12న, 14న కట్టినవాళ్లు ఇప్పుడు రెండు నెలలది కలిపి ఒకేసారి కడుతున్నారంటే జీతాలు కూడా అలాగే పడుతున్నాయనుకోవచ్చు. రెండోది ఉద్యోగుల సంఖ్య. 34 నుంచి 27కు, 27 నుంచి 19కి జారుతుంటే మనుషులు వెళ్లిపోతున్నారని అర్థం.

పీఎఫ్ తప్పనిసరి అయ్యేది ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉంటేనే. మీది పదిహేను మందే కాబట్టి ఆ సైట్‌లో పేరు లేకపోయినంత మాత్రాన దొంగ కంపెనీ అనలేం.

జీఎస్టీ_గుమాస్తా
పీఎఫ్ లేని చోట జీఎస్టీ పట్టుకోండి. వాళ్ల వెబ్‌సైట్ అడుగునో, ఏదైనా బిల్లు మీదో జీఎస్టీ నంబర్ దొరుకుతుంది. కర్ణాటకదైతే 29తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొట్టి రిటర్నుల పట్టిక తెరవండి. 3బీ, అంటే పన్ను లెక్క చూపించి కట్టే రిటర్ను, ఏ నెలది ఏ తేదీన వేశారో కనిపిస్తుంది. మూడు నెలలుగా ఖాళీగా ఉంటే, లేదా స్టేటస్ దగ్గర "సస్పెండెడ్" అని ఉంటే, ప్రభుత్వానికే కట్టలేనివాళ్లు మీకేం కడతారు?

ప్రైవేట్ లిమిటెడ్ అయితే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటా కూడా చూడండి. ఎప్పుడు పెట్టారు, యాక్టివా స్ట్రైక్ ఆఫా (రిజిస్టర్‌లోంచి కొట్టేశారా), చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ ఏది, డైరెక్టర్లు ఎవరు అన్నీ ఉంటాయి. నాలుగేళ్ల కంపెనీకి రెండేళ్ల కిందటి బ్యాలెన్స్ షీటే ఆఖరుదైతే అనుమానించాల్సిందే. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసి "నేనే ఓనర్" అన్నాయన పేరు డైరెక్టర్లలో లేకపోతే, మీకు మాటిచ్చింది కంపెనీయా ఆయనా అని నేరుగా అడగండి.

కొత్తగా_కోరమంగళ
అన్నా, అక్కా, ఇవన్నీ ఇవాళే చూస్తాను. మరి ఆ మెయిల్ ఎలా రాయాలి?

పేరోల్_అక్క
చేరడానికి ముందురోజు పంపండి. మీ సొంత జీమెయిల్ నుంచి పంపాలి, కంపెనీ మెయిల్ నుంచి కాదు. కంపెనీ మెయిల్ వాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు మూసేస్తారు. ఇంటర్వ్యూ చేసినాయనకీ, ఆఫీసు అధికారిక ఐడీకీ రెండింటికీ పెట్టండి. భాష ఇంగ్లిషే మేలు, సారాంశం ఇది:

"నిన్న ఫోన్‌లో మీరు చెప్పిన ప్రకారం ఫలానా తేదీ సోమవారం ఫలానా హోదాలో చేరుతున్నాను. నెల జీతం 45,000, కోతలు పోగా చేతికి ఇంత. ప్రతి నెల జీతం మరుసటి నెల 7లోపు నా బ్యాంకు ఖాతాకు. పని చేసే చోటు హెచ్‌ఎస్‌ఆర్ ఆఫీసు. పని చెప్పేది ఫలానా వారు. ఇందులో ఏదైనా తేడా ఉంటే సోమవారం ఉదయంలోపు తెలపగలరు. నియామక పత్రం ఏ తేదీకి ఇస్తారో కూడా తెలపగలరు."

సోమవారం ఆఫీసుకు వెళ్లాక "మెయిల్ చూశారా సార్?" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క అడగండి. "చూశా, ఓకే" అన్న జవాబు చాలు. జీతం గొడవలో మనం చూపించాల్సినవి రెండే: అక్కడ పని చేశామని, ఎంతకు మాట్లాడుకున్నామని. మొదటిదానికి సాక్ష్యాలు బోలెడు దొరుకుతాయి. రెండోదానికి ఏమీ దొరక్క ఇబ్బంది పడతారు. ఆ మెయిల్ దానికే.

లేబర్_లా_లింగం
చట్టం సంగతి. కర్ణాటక షాప్స్ అండ్ కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 1961లో 6ఏ సెక్షన్ ఉంది. చేరిన ముప్పై రోజుల్లో పేరు, హోదా, జీతం, షరతులతో నియామక ఉత్తర్వు రాతపూర్వకంగా ఇచ్చి తీరాలి, దాని నమూనా ఫారం క్యూ. కిరాణా కొట్టుకైనా సాఫ్ట్‌వేర్ ఆఫీసుకైనా ఇదే. కాబట్టి "లెటర్ ఇవ్వండి" అని బతిమాలుకోనక్కర్లేదు, "ఫారం క్యూ ఎప్పుడిస్తారు?" అని అడగండి. ఆ పేరు వినగానే వాళ్ల అకౌంటెంట్‌కు అర్థమవుతుంది.

వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నెల జీతం మరుసటి నెల 7లోపు ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ తేల్చాలి. పాత 1936 జీతాల చెల్లింపు చట్టంలో జీతం నెలకు 24 వేలు దాటితే వర్తించేది కాదు, ఇప్పుడు ఆ పరిమితి లేదు, మేనేజర్లూ వస్తారు. క్లెయిమ్‌కు మూడేళ్ల గడువు ఉంది. అన్నిటికంటే పనికొచ్చేది 59వ సెక్షన్: జీతం ఇవ్వలేదని క్లెయిమ్ వేస్తే, ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అందుకే నగదు చేతికిచ్చి సంతకం పెట్టమంటే, ఎంత ముట్టిందో అంకెల్లో, అక్షరాల్లో, తేదీతో రాయకుండా పెట్టకండి. ఖాళీ వోచర్ మీద సంతకం పెడితే ఆ రుజువు మీరే వాళ్ల చేతికిచ్చినట్టు.

"ఫండింగ్ వస్తే ఇస్తాం" అన్న షరతు చట్టం ముందు నిలబడదు. పని చేయించుకున్నాక జీతం బాకీయే.

ట్యాక్స్_తాతగారు
ఇంకో మెలిక బాబూ. కొందరు ఉద్యోగి అని చెప్పి చేర్చుకుని, పుస్తకాల్లో కన్సల్టెంట్‌గా రాస్తారు. జీతంలోంచి నేరుగా 10 శాతం టీడీఎస్ కోశారంటే అది ప్రొఫెషనల్ ఫీజు లెక్క. 45 వేల జీతానికి కొత్త పన్ను విధానంలో టీడీఎస్ అసలు పడకూడదు. కర్ణాటక ప్రొఫెషన్ ట్యాక్స్ 200 మాత్రం (ఫిబ్రవరిలో 300) పోతుంది. పేస్లిప్ అడగండి, అందులో ప్రొఫెషన్ ట్యాక్స్ గడి ఉందో లేదో చూడండి. ఆదాయపన్ను పోర్టల్‌లో మీ ఏఐఎస్ (ఏడాది ఆదాయ వివరాల పట్టిక) తెరిస్తే ఏ పద్దు కింద చూపించారో కనపడుతుంది, కాకపోతే కంపెనీ మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్ను వేశాకే అక్కడికి చేరుతుంది. కన్సల్టెంట్‌గా రాశారంటే రేపు లేబర్ ఆఫీసులో "ఈయన మా ఉద్యోగే కాడు" అనడానికి దారి వేసుకున్నట్టే. మొదటి నెలలోనే మెయిల్ మీద అభ్యంతరం చెప్పండి.

మేస్త్రి_మాట
సైటు పనుల్లో, హోటళ్లలో మెయిళ్లు నడవవు అన్నా. అనంతపురం, కదిరి, పాలమూరు నుంచి వచ్చేవాళ్లకు మాటంతా మేస్త్రితోనే, అసలు కాంట్రాక్టర్ ఎవరో కూడా తెలీదు. వాళ్ల కోసం రాస్తున్నా.

సొంత హాజరు పుస్తకం పెట్టుకోండి. నోటుపుస్తకంలో రోజుకో గీత: తేదీ, సైటు పేరు, రోజంతానా పూటా, కూలి రేటు, ఆ వారం తీసుకున్న అడ్వాన్స్. వారానికోసారి మేస్త్రి చేత పక్కన పొట్టి సంతకం పెట్టించి, ఆ పేజీ ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు వాట్సాప్ చేయండి, తేదీతో సహా ఉండిపోతుంది. సైటు బయట బోర్డు ఉంటుంది కదా, బిల్డర్ పేరు, లైసెన్స్ నంబర్ రాసి ఉన్నది, దాని ముందు నిలబడి ఒక ఫోటో. మేస్త్రి చేతులెత్తేస్తే పైనున్నవాడిని అడగడానికి అదే ఆధారం. అడ్వాన్స్ నగదుగా కాకుండా ఫోన్‌పేలో అడగండి, నోట్ గడిలో "కూలి అడ్వాన్స్" అని రాయించండి. ఒక్క వంద రూపాయలు అలా వచ్చినా అక్కడ పని చేసినట్టు బ్యాంకు చెబుతుంది.

మెస్సుల్లో తిండి, పడక జీతంలో కలిపారా, విడిగా కోస్తారా అన్నది మొదటిరోజే తేల్చుకోండి. గొడవలన్నీ అక్కడే. ఆధార్, టెన్త్ మెమో ఒరిజినల్స్ ఓనర్ దగ్గర ఉంచమంటే వద్దనండి, జిరాక్స్ చాలు.

బీటీఎం_బాటసారి
ఒరిజినల్స్ మాటొచ్చింది కాబట్టి: డిపాజిట్ కట్టమనే కన్సల్టెన్సీలు, దొడ్డిదారి (బ్యాక్‌డోర్) ఉద్యోగం అంటూ లక్షలు అడిగేవాళ్లు, "మూడు నెలలు ట్రైనింగ్, తర్వాత జీతం" అనేవాళ్లు, వీళ్ల దగ్గర పై జాగ్రత్తలేవీ పనిచేయవు. మొదటిరోజు డబ్బు మన జేబులోంచి వాళ్ల జేబులోకి వెళ్తుంటే అది ఉద్యోగం కాదు. తమ్ముళ్లూ, ఊళ్లో అప్పు చేసి కట్టొద్దు.

క్లౌడ్_కాపు
స్టార్టప్‌లో చేరేవాళ్లకు ఇంకొకటి. కంపెనీ క్లౌడ్ ఖాతాకు, అంటే అద్దె సర్వర్ల ఖాతాకు, మీ సొంత క్రెడిట్ కార్డు పెట్టకండి. "రెండు రోజులే, తర్వాత మారుద్దాం" అంటారు. సర్వర్లు తిరుగుతూనే ఉంటాయి, బిల్లు మీ కార్డుకే పడుతుంది. లాప్‌టాప్ కొనడం, క్లయింట్ దగ్గరికి టికెట్లు, ఇవీ అంతే. ఇలా ఖర్చుపెట్టింది జీతం బాకీ లెక్కలోకి రాదు, విడిగా కొట్లాడాలి.

ఆఫీసు చాట్ యాప్ స్లాక్ ఉచిత ప్లాన్‌లో తొంభై రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. జీతం గురించి అక్కడ ఏం మాట్లాడినా అదేరోజు స్క్రీన్‌షాట్ తీసుకోండి. కోడ్, క్లయింట్ ఫైళ్లు మాత్రం ఇంటికి తెచ్చుకోవద్దు, దొంగతనం అంటారు. ఐడీ కార్డు ఫోటో, జీతం మాటలు, సెలవు మెయిళ్లు, పని అప్పగించిన మెయిళ్ల తేదీలు చాలు.

కొత్తగా_కోరమంగళ
7వ తేదీ దాటినా జీతం పడలేదనుకోండి. ఎన్నాళ్లు ఆగాలి?

పేరోల్_అక్క
8న మెయిల్: "ఫలానా నెల జీతం 45,000 రాలేదు, ఏ తేదీన వేస్తారు?" కోపం వద్దు, అంకె, తేదీ రెండూ ఉండాలి. వాళ్లు చెప్పిన తేదీ కూడా దాటితే ఇంకో మెయిల్. రెండో నెల 7 కూడా దాటితే పని ఆపడమే నా సలహా. మూడో నెల చేస్తే బాకీ పెరుగుతుందే తప్ప, ముందటిది వచ్చే అవకాశం పెరగదు. మొదటి జీతం పడేదాకా ఇంటికి అడ్వాన్స్ కట్టకుండా పీజీలోనే ఉండండి.

లేబర్_లా_లింగం
అక్క చెప్పినదానికి ఒక చేర్పు. బాకీకి పోస్ట్ డేటెడ్ చెక్కు అడగండి, కంపెనీ ఖాతాది, మొత్తం రాసి ఉన్నది. తేదీ వచ్చాక మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో వచ్చిన ముప్పై రోజుల్లో నోటీసు పంపాలి, అందాక పదిహేను రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) 138వ సెక్షన్ కింద కేసు. ఈ గడువులు తప్పితే చెక్కుకు బలం పోతుంది. జీతం ఎగ్గొట్టడానికి వెనకాడనివాళ్లు కూడా చెక్కు కేసుకు భయపడతారు, అందులో జైలు శిక్ష ఉంది కాబట్టి. ఎదురు మీరు మాత్రం ఎవరికీ ఖాళీ చెక్కు ఇవ్వకండి.

ఫిర్యాదుకు బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక శాఖ ఆఫీసు, కార్మిక భవన్. ముందు ఆ శాఖ హెల్ప్‌లైన్ 155214కు ఫోన్ చేసి, ఆఫీసు ఉన్న ఏరియా ఏ ఇన్‌స్పెక్టర్ సర్కిల్ కిందికి వస్తుందో కనుక్కుని వెళ్తే ఒక తిరుగుడు తప్పుతుంది. మీ మొదటి మెయిల్, 8న పంపినది, ఐడీ కార్డు ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంట్, కంపెనీ రిజిస్టర్డ్ చిరునామా ఉన్న ఎంసీఏ పేజీ, అన్నీ రెండు సెట్లు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. కన్నడ రాయడం రాకపోతే ఇంగ్లిష్‌లో ఇవ్వొచ్చు. ఐటీ వాళ్లైతే కర్ణాటక ఐటీ, ఐటీఈఎస్ ఉద్యోగుల సంఘం కిటు ఉంది, వాళ్లను కూడా సంప్రదించండి.

కొత్తగా_కోరమంగళ
జీఎస్టీ పోర్టల్‌లో చూశాను. ఆఖరి రెండు నెలల 3బీ లేదు. మెయిల్ రాసి పెట్టుకున్నాను, జీతం తేదీ రాతలో ఇస్తేనే సోమవారం వస్తానని అందులో చేర్చాను.