పాత ఫోను కెమెరా: రోజూ రెండింటికే ఎందుకు నల్లబడతాది?

ఎర్రముక్కపల్లి అబ్బాయి: కడపలో మా అమ్మ ఒక్కతే ఉంటాది, నేను బెంగళూరులో. సంక్రాంతికి పోయినప్పుడు నా పాత ఆండ్రాయిడ్ ఫోనులో, దాన్ని ఇంటి కెమెరాగా మార్చే ఆల్‌ఫ్రెడ్ యాప్ ఎక్కించి, హాల్లో టీవీ పక్కన షోకేసులో నిలబెట్టి వచ్చినా. రెండు ఫోన్లకూ ఒకటే జీమెయిలు, అంతే, పైసా ఖర్చు లేదు. పది రోజులు బాగా నడిచింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు కాంగానే నల్లగా అయిపోతాది, నాలుగు దాటినాక మళ్లీ వస్తాది. మా ఆఫీసులో ఒకాయన, పాత ఫోన్లతో తిప్పలెందుకు, వైఫై కెమెరా కొనుక్కోపో అంటున్నాడు. మీరేమంటారు?

సెల్లు రిపేరు అనంతపురం: ఆయన చెప్పింది కరెక్టప్పా, కొనుక్కో. రేయీ పగలూ చార్జరుకు తగిలించిన ఫోను బ్యాటరీ ఉబ్బుతాది. లిథియం బ్యాటరీని నిండా ఎక్కించి, 4.2 వోల్టుల మీదనే వేడిలో నిలబెట్టినామంటే లోపల గ్యాసు పుడతాది. 45 డిగ్రీలు దాటితే అసలు చార్జి ఎక్కించనే గూడదు. మన ఎండలకు అద్దం మూసిన షోకేసులో ఎంత ఉంటాదో నువ్వే లెక్కేసుకో. నిరుడు మే నెలలో ఒకాయన అంగడికి తెచ్చినాడు. వెనక మూత నూనెలో ఏసిన అప్పడం మాదిరి లేచింది, తెర ఒక పక్క ఊడొచ్చింది. అదీ ఇంట్లో కెమెరాగా పెట్టిందే.

పారేయను: అన్నా, నీ అంగడికి చెడిపోయిన ఫోన్లే వస్తాయి, బాగున్నవి ఎందుకొస్తాయి? కర్నూలులో మా ఇంట్లో మూడేళ్లుగా నడుస్తా ఉంది. టైమర్ ప్లగ్గు పెట్టినా. రెండు గంటలు ఎక్కుతాది, నాలుగు గంటలు దిగుతాది, ఎప్పుడూ నిండా కాదు. ఇంకో సంగతి. కరెంటు పోతే వైఫై కెమెరా కళ్లు మూసుకుంటాది. ఫోనుకు బ్యాటరీ దాని కడుపులోనే ఉంది. రౌటరు ఆగిపోయినా సిమ్ము మీద నడుస్తాది.

పొద్దుటూరు పెద్దాయన: నల్లగా అవుతాదా, ఆఫ్‌లైన్ అని వస్తాదా? రెండూ ఒకటి కాదు బాబూ.

సెల్లు రిపేరు అనంతపురం: టైమర్ ప్లగ్గు ఎంతమంది పెడతారు? సరే, రాత్రి సంగతి చెప్పు. సీసీ కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్ బల్బులుంటాయి, చీకట్లోనూ కనపడతాది. ఫోనుకు అవి ఉండవు. దొంగ పగలు వస్తాడా?

పారేయను: 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేసి పెట్టుకో. పన్నెండు గంటలకు 108 వాట్ అవర్లు. నెలకు మూడు యూనిట్ల పైచిలుకు. దానికి కూడా ఏడుపేనా?

సెల్లు రిపేరు అనంతపురం: ఏడుపెవరిది? రాత్రంతా హాల్లో బల్బు ఏసుకొని ఆ పెద్దామె నిద్రపోవాల్నా?

పారేయను: మూడు యూనిట్ల గురించి మాట్లాడతా ఉంటే నిద్ర యాడ నుంచి వచ్చింది?

గువ్వలచెరువు: ఊరికి పోయేటప్పుడైతే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెప్పుకోండి. వాళ్లే వచ్చి కెమెరా బిగించి పోతారు, డబ్బులు తీసుకోరు.

పారేయను: అది తాళం వేసిన ఇళ్లకు స్వామీ. ఇక్కడ వాళ్లమ్మ ఇంట్లోనే ఉంది.

తుంగభద్ర గట్టు: ఇంతసేపూ బ్యాటరీ, బల్బు. ఆ ఇంట్లో ఉండే మనిషిని ఎవరన్నా అడిగినారా? మా అత్తగారింట్లో కూడా హాల్లో పాత ఫోను పెట్టినారు, దొంగల భయమని చెప్పి. మా ఆయనకు వేరే ఊర్లో ఉద్యోగం. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి మంచినీళ్లు అడిగితే ఇచ్చినా. చెంబు కింద పెట్టకముందే మా ఆయన ఫోను. ‘ఎవడు వాడు, అంతసేపు ఎందుకున్నాడు?’ ఆ రోజు నుంచి హాల్లో తల దువ్వుకోవడం మానేసినా. దొంగ ఒక్కడూ రాలేదు. రోజంతా దొరికిపోయింది నేనే.

పారేయను: అక్కా, అది మీ ఆయన గుణం. ఫోను తప్పేముంది?

తుంగభద్ర గట్టు: ఫోను లేనప్పుడు ఆ గుణం ఇంటికొచ్చినాకనే తెలిసేది తమ్ముడూ.

కోర్టు రోడ్డు: 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది.

పారేయను: అయితే కన్నతల్లి కొడుకు మీద ఢిల్లీకి పోయి కేసేస్తాదా? డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, సొంత ఇంటి పనికి వాడుకునేదానికి అది వర్తించదు. చదివి మాట్లాడండి.

తుంగభద్ర గట్టు: చట్టం ఎవరడిగినారు? ఎర్రముక్కపల్లి తమ్ముడూ, వాకిట్లో పెట్టక హాల్లో ఎందుకు పెట్టినావు? దొంగ వాకిట్లో నుంచే కదా వచ్చేది? మీ అమ్మను చూడడానికే పెట్టినావు, ఆ మాట ఒప్పుకో.

ఎర్రముక్కపల్లి అబ్బాయి: అవును, అమ్మను చూడడానికే పెట్టినా. మా నాయన ఆ హాల్లోనే పడిపోయినాడు. మధ్యాహ్నం. అమ్మ ఎవరిదో పెళ్లికని ఊరికి పోయింది. సాయంత్రం పాలాయన తలుపు కొట్టేదాకా ఎవురికీ తెలీదు. ఆ రోజు నేను మూడు మీటింగుల్లో కూర్చున్నా, ఒక్కసారి ఫోన్ చెయ్యలే. మీకేం, గుణం అంటారు, హక్కంటారు.

సెల్లు రిపేరు అనంతపురం: ...

తుంగభద్ర గట్టు: నాకు తెలీదు తమ్ముడూ. గట్టిగా అన్నా, ఏమనుకోవద్దు. అయినా అమ్మకు చెప్పి పెట్టినావా?

ఎర్రముక్కపల్లి అబ్బాయి: చెప్పినా. ‘పెట్టుకో’ అనింది.

పొద్దుటూరు పెద్దాయన: నేనడిగిన దానికి ఎవరూ జవాబియ్యలేదు. ఫోను ఆగిపోవడమా, నల్లబడడమా? కదలిక కనపడితే ఆ యాప్ చిన్న వీడియో తీసి పెడతాది. రెండింటికి ముందు తీసిన ఆఖరిది ఒకసారి తెరిచి చూడు.

ఎర్రముక్కపల్లి అబ్బాయి: చూసినా పెద్దాయనా. ఫోను ఆగలేదు, ఆన్‌లైన్‌లోనే ఉంది. అమ్మ మెల్లగా షోకేసు కాడికి వచ్చి, కెమెరాలోకి ఒక్క నిమిషం చూసింది, అద్దంలో చూసుకున్నట్టు. తర్వాత గాజుల చెయ్యి, ఎర్రంచు తువ్వాలు. అంతే, నలుపు. నిన్నటిదీ అంతే, మొన్నటిదీ అంతే.

గువ్వలచెరువు: అమ్మకు ఫోన్ చెయ్యప్పా.

ఎర్రముక్కపల్లి అబ్బాయి: చేసినా. దాచకుండానే చెప్పింది. ‘అన్నం తిన్నాక బండల మీద కొంగు పర్చుకుని, కాళ్లు చాపుకుని పడుకుంటాన్రా. నోరు తెరుచుకుని గురక పెడతానేమో, అది గూడా నువ్వు బెంగళూరు నుంచి సూడాల్నా? నిద్ర లేస్తానే తీసేస్తాండా గదా’ అనింది. తువ్వాలు కప్పొద్దని చెప్పడానికి నోరు రాలే. కెమెరా తీసేస్తానని చెప్పడానికీ రాలే.

పారేయను: తీయొద్దు అన్నా. నాలుగు దాటినాక తువ్వాలు లేవకపోతే, అప్పుడు ఫోన్ చెయ్యి.

తుంగభద్ర గట్టు: నాలుగున్నర అనుకో. ఒక్కో రోజు నిద్ర ఎక్కువ పడతాది.

సెల్లు రిపేరు అనంతపురం: తువ్వాలు కప్పితే వేడి ఇంకా ఎక్కువైతాది. ఆ రెండు గంటలన్నా చార్జరు పీకి పెట్టమని చెప్పు అమ్మకు.