ఈ వారం సమస్య (ఈ పాదం చివర వచ్చేలా ఆటవెలది పద్యం పూరించాలి): నేటి కథను చెప్పె నాటి రాజు

అలిపిరి (నిర్వహణ):
నిన్న రాత్రి మల్లీశ్వరి సినిమా మళ్లీ చూశాను. రాయలవారు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ నాకు విజయనగరం కంటే 1951 ఎక్కువగా కనిపించింది. అక్కడ పుట్టింది ఈ పాదం. పూరణ ఏదో ఒక సినిమా మీదే ఉండాలి. సినిమా తీసిన కాలం పద్యంలో కనబడాలి. నే, నా యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలోని అక్షరంతో పొంతన) కుదరలేదని ఎవరూ రాయవద్దు, ప్రాసయతి (నేటి, నాటిలో రెండో అక్షరం 'టి' కలవడం) చూసుకోండి.

స్వర్ణముఖి:
పల్లకి యది వచ్చి పడుచును గొనిపోవ
వరమె శాపమయ్యె వనిత కపుడు
రాచరికము పోయి రైతు రాజైనట్టి
నేటి కథను చెప్పె నాటి రాజు

నాగరాజు వేళాకోళానికి అడిగాడు, మారువేషంలో ఉన్న రాయలు నిజంగానే పల్లకి పంపాడు. రాజు అనుగ్రహమే పల్లెటూరి పిల్లకు చెర అయింది. మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం వచ్చింది 1948లో. మూడేళ్ల తర్వాత తీసిన చిత్రంలో రాజు దానం ఇంత బరువుగా కనిపించడం కాకతాళీయం అనుకోను. మా తాతది జమీ గ్రామం. పట్టా చేతికి వచ్చిన రోజు గురించి ఆయన చెప్పే తీరు వింటూ పెరిగినవాణ్ణి.

చంద్రగిరి కోట:
'రైతు రాజైనట్టి' దగ్గర ఆగి రెండుసార్లు చదువుకున్నాను. సమస్యలో ఉన్న రాజును మూడో పాదంలోనే గద్దె దించి, ఆ గద్దె మీద రైతును కూర్చోబెట్టారు. గొప్ప ఎత్తుగడ. చిత్రం విడుదలైంది 1951 డిసెంబరులో, తొలి సార్వత్రిక ఎన్నికలు నడుస్తుండగా. ఓటు వేయబోయే జనం కూర్చుని రాజు పల్లకిని చూశారు. ఆ మాట కూడా వివరణలో చేర్చండి.

స్వర్ణముఖి గారు ఈసారి సంవత్సరం సరిచూసుకున్నందుకు మరీ సంతోషం. కిందటి పూరణలో రోజులు మారాయి చిత్రాన్ని ఆంధ్రప్రదేశ్ అవతరణ తర్వాత వచ్చినట్టు రాశారు. చిత్రం 1955, అవతరణ 1956 నవంబరు 1. చెప్పి నెల దాటింది, ఆ పద్యం ఇంకా అలాగే ఉంది.

స్వర్ణముఖి:
ఆ పద్యంలో నేను రాసింది జనం ఆశ గురించి. ఆశ అవతరణ తేదీకి ముందే పుడుతుంది. దాన్ని ఇక్కడికి ఎందుకు లాగారు? మీ పూరణ ఏది?

చంద్రగిరి కోట:
ఇదిగో.

చల్లపల్లి రాజు చలనచిత్రమునందు
రైతు బాధ తెలుప రాజులెల్ల
కత్తి కట్టినారు కన్నెఱ్ఱ జేయుచు
నేటి కథను చెప్పె నాటి రాజు

అందరూ రాజును తెర మీద వెతుకుతారని తెలుసు. నా రాజు తెర వెనక ఉన్నాడు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ, 1939. జమీందారీని నిలదీసిన ఆ చిత్రానికి డబ్బు పెట్టిన సారథి సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారే!

కపిలతీర్థం:
ఈ విరుపు ఈ వారానికి తలమానికం, సందేహం లేదు. అంతకు ముందు ఏడాది అదే సంస్థ, అదే దర్శకుడు మాలపిల్ల తీశారు. ఆలయ ప్రవేశం కోసం ఊళ్లలో వాదాలు రగులుతున్న రోజులవి. మద్రాసు రాష్ట్రంలో దానికి చట్టం వచ్చింది 1939లో, అంటే సినిమా తర్వాత. కాలాన్ని చూపించడం ఒక ఎత్తు, ఆ చిత్రం కాలానికి ఒక అడుగు ముందే నడిచింది.

అయితే 'రాజులెల్ల' నాకు మింగుడుపడలేదు. ఎదురుతిరిగింది కొందరు జమీందార్లు. పద్యం కోసం అందరినీ దోషులను చేయకూడదు. 'రాచవారు' అంటే గణమూ (గురులఘువుల కూర్పు) యతీ రెండూ నిలుస్తాయి.

స్వర్ణముఖి:
నా సంవత్సరం తప్పు పట్టినవారు తమ 'ఎల్ల' చూసుకోలేదు.

చంద్రగిరి కోట:
కపిలతీర్థం గారి సవరణ శిరోధార్యం. రాచవారు అనే ఉంచండి. నేను నెల రోజులు ఆగలేదు.

నీవానది:
అందరికీ నమస్కారం. ఇది నా రెండో పూరణ. మా ఊరి నటుణ్ణి తలచుకోకుండా ఉండలేకపోయాను.

చిత్తూరి నాగయ్య చిత్రసీమను జేరి
పోతనయ్యె తెరను పొలము దున్ని
కవితనమ్ముమనుచు కాసుల జూపించి
నేటి కథను చెప్పె నాటి రాజు

యుద్ధకాలంలో వచ్చిన కె.వి. రెడ్డి గారి తొలి చిత్రం భక్త పోతన. భాగవతాన్ని అంకితం ఇమ్మన్న రాజులో ఆనాటి ప్రేక్షకుడికి తెల్లదొర కనిపించి ఉంటాడని నా ఊహ.

అలిపిరి (నిర్వహణ):
భావం చదివి మనసు నిండింది. ఇంతవరకు ముగ్గురిలో రాజు చేత నేరుగా మాట్లాడించింది మీరే. 'కవితనమ్ముమనుచు' అన్న ఒక్క మాటతో ఆ రాజు నోరు తెరిచాడు. కానీ మొదటి పాదం ఆటవెలది కాదు. అది సీసం అనే మరో పద్యం పాదంలో మొదటి సగం, సలక్షణంగా ఉంది కూడా! తప్పంతా మన ఊరి పేరుది. 'చిత్తూరు'లో రెండు గురువులు (బరువుగా పలికే అక్షరాలు) పక్కపక్కన ఉన్నాయి, సూర్యగణాల్లో (గురువు తర్వాత లఘువు, లేదా మూడు లఘువులు) ఎక్కడా ఇమడదు. ఆటవెలదిలో దానికి బేసి పాదాల చివర మాత్రమే చోటు. తిరుపతికి ఆ ఇబ్బంది లేదు, నాలుగూ లఘువులే (తేలికగా పలికే అక్షరాలే).

స్వర్ణముఖి:
పేరు వదిలేయకండి నీవానది గారూ. నాగయ్య గుంటూరు జిల్లాలో పుట్టినా, ఇక్కడి రామవిలాస సభ నాటకాల వల్లే ఆ ఊరు ఆయన ఇంటిపేరు అయింది. అది పోతే పద్యంలో మన నేల పోతుంది.

నీవానది:
గంటసేపు కూర్చున్నాను. ఇలా కుదిరింది.

నటన నేర్చె నాడు నాగయ్య చిత్తూర
పోతనయ్యె తెరను పొలము దున్ని
కవితనమ్ముమనుచు కాసుల జూపించి
నేటి కథను చెప్పె నాటి రాజు

చంద్రగిరి కోట:
'చిత్తూర' సరిగ్గా అయిదో గణంలో కూర్చుంది. నా రాజును పక్కన పెట్టి ఈ పద్యానికే నా ఓటు.

స్వర్ణముఖి:
నా ఓటూ దీనికే. రోజులు మారాయి పద్యంలో మూడో పాదం మార్చి పెట్టాను, చంద్రగిరి కోట గారు ఒకసారి చూడగలరు.