కనకపు సింహాసనమున... మూడో పాదంలో సున్న ఏది?

తెనాలి కుర్రాడు: రష్యా జారు (చక్రవర్తి) రెండో నికొలాయ్ పట్టాభిషేకం మీద 1899లో పీటర్స్‌బర్గ్‌లో అచ్చయిన రెండు సంపుటాల బొమ్మల పుస్తకం తిరగేస్తున్నా. రేపిన్, వాస్నెత్సోవ్, సెరోవ్, ఆ కాలపు రష్యా చిత్రకారులందరూ ఉన్నారు. బొమ్మల కింద తెలుగులో రాసుకుంటుంటే సుమతి పద్యం పట్టుకుని వదలట్లేదు. 'దొనరగఁ బట్టముఁ గట్టిన' అనా, 'దొనరగం' అని నిండుసున్నా? చిన్నప్పటి పుస్తకంలో నిండుసున్నే ఉన్నట్టు గుర్తు.

ఛందోదాసు: నిండుసున్న పెడితే నాలుగు మాత్రలుండాల్సిన గణానికి అయిదొస్తాయి, కందం కుంటుతుంది. అరసున్నే.

పల్నాటి మాస్టారు: సున్న సరే, 'కట్టిన' చూడండి. ఆ కుక్కకు ఎవరో పట్టం కట్టారు. మీ జారు 1896 మేలో, క్రెమ్లిన్ ఉస్పెన్‌స్కీ చర్చిలో, మతాధికారి అందించిన కిరీటాన్ని తానే పెట్టుకున్నాడు. తర్వాత తీసి రాణి నుదుటికి తాకించి, మళ్ళీ తాను పెట్టుకుని, ఆమెకో చిన్న కిరీటం పెట్టాడు. అంటే 'కట్టుకొన్న'. పద్యంలో ఇమడదు, అది వేరే గొడవ.

అరసున్న: అసలు పట్టమంటే నుదుటికి కట్టే బంగారు రేకు. తలమీద పెట్టేదానికి ఆ మాటెందుకు మాస్టారూ? కిరీటధారణ అనండి, పీడా పోతుంది.

తెనాలి కుర్రాడు: సెరోవ్ బొమ్మలో కిరీటధారణ కాదండీ, తైలం పూయడం. నుదురు, కళ్ళు, ముక్కుపుటాలు, పెదవులు, చెవులు, రొమ్ము, చేతులు. కిరీటం పెట్టుకున్నాకే ఇదంతా.

పల్నాటి మాస్టారు: ఇంకేం, అభిషేకం దొరికింది! వాల్మీకి రాముడికి ముందు నీళ్ళు, తర్వాత కిరీటం. 'పట్టాభిషేకం' అన్న సమాసంలో మాత్రం పట్టమే ముందు. మాట మనది, వరస రష్యావాళ్ళది!

ఛందోదాసు: సమాసానికీ కార్యక్రమానికీ ముడిపెట్టకండి. పోతన్నగారైతే ఆ పుస్తకం అట్ట కూడా తిప్పేవారు కాదు. రాజుల్ని 'ఇమ్మనుజేశ్వరాధముల' అన్నాయన.

అరసున్న: 'కారే రాజులు, రాజ్యముల్ గలుగవే' అన్నదీ ఆయనే. అదీ బలి నోట, నెత్తిన కిరీటం ఉన్నవాడి నోట! అందులో ఉన్న ఎత్తిపొడుపు ముందు మీ పద్యం దిగదుడుపు.

ఛందోదాసు: ఒప్పుకోను. 'సమ్మెట వాటులం బడక' దగ్గర ఒళ్ళు జలదరించదూ?

పల్నాటి మాస్టారు: వాటులం కాదు, 'వ్రేటులం'. మేం చదువుకున్నది అదే.

తెనాలి కుర్రాడు: అయ్యా, సెరోవ్ బొమ్మ కింద ఏం రాయమంటారు?

ఛందోదాసు: ఆగు నాయనా. మాస్టారూ, మీది ఏ ప్రతి?