ఆవిరి కథ వెనకటి కాలంలో పెట్టాలా, రాబోయే కాలంలో పెట్టాలా?

పాకాల జంక్షన్:
అందరికీ నమస్కారం. ఒక స్టీమ్‌పంక్ నవల మొదలుపెట్టినాను. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట: పెట్రోలు, కరెంటు పెత్తనం లేకుండా ఆవిరి యంత్రాలే పెరిగి పెద్దవైన లోకంలో నడిచే కథలివి. 1987లో కె.డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో ఈ పేరు పెట్టినాడు. చాలావరకు విక్టోరియా రాణి నాటి లండన్‌లో జరుగుతాయి. నాది తిరుపతిలో జరగాల. బాయిలర్లు బాగుచేసే పిల్ల, అలిపిరి నుంచి కొండకు పోయే గాలి ఓడ. రెండు రకాలుగా మొదలుపెట్టి చూసినా: ఒకటి 1890ల్లో, ఇంకోటి రెండొందల ఏళ్ళ తర్వాత. ఏది నిలబడతాది?

నగరి నేతగాడు:
వెనకటి కాలమే. 1782 డిసెంబరులో మైసూరు నేలిన హైదరాలీ చనిపోయింది మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దండులోనే. అదే ఏడాది ఇంగ్లండులో జేమ్స్ వాట్ పిస్టన్‌ను, అంటే గొట్టంలో ఆడే దిమ్మెను, ఆవిరి రెండు వైపులా తోసే ఇంజన్‌కు పేటెంటు తీసుకున్నాడు. మైసూరు సైన్యం దగ్గర అప్పటికే ఇనప గొట్టాల రాకెట్లున్నాయి. హైదరాలీ ఇంకో పదేళ్ళు బతికుంటే? అక్కడ మొదలుపెట్టండి.

గాదంకి గాలి:
అన్నా, అది యుద్ధం కథ అయిపోతాది. అక్కా, నేను రాబోయే కాలం పక్షం. వెనక్కి పోతే ఇత్తడి గొట్టాలు, దొరల టోపీలు అన్నీ అందంగానే ఉంటాయి. మరి 1876-78 కరువును ఏం చేస్తారు? అప్పుడు మనది ఉత్తర ఆర్కాటు జిల్లా. మద్రాసు-బొంబాయి రైలు దారి 1871కే కలిసిపోయింది, రేణిగుంట మీదుగానే. కరువొస్తే రైలే గింజలు తెచ్చి కాపాడతాదన్నారు. ధర ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి గింజల్ని మోసుకుపోయింది కూడా ఆ రైలే. జనం చస్తా ఉంటే దేశం గోధుమలు ఓడలెక్కినాయి. అది దాచిపెట్టి ఆవిరి సొగసు రాస్తే నాకు కడుపు మండుతాది.

రాబోయే కాలంలో ఆవిరి ఎందుకుంటాది అంటారా? 2002లో తిరుమల అన్నదానం వంటశాలకు 106 అద్దాల డిష్‌లు పెట్టినారు. ఎండను ఒకచోటికి కూర్చి, నీళ్ళు మరిగించి, ఆ ఆవిరితో వంట. దానికి బొగ్గు అక్కర్లేదు. కథకు విత్తనం మన కొండ మీదే ఉండాది.

మీటర్‌గేజీ మనవడు:
మా తాత బొగ్గింజన్ మీద ఫైర్‌మన్, మంటలో బొగ్గేసే పని. ఏ కాలమైనా పెట్టుకోమ్మా, గేజీ గ్లాసును మాత్రం మర్చిపోవద్దు. బాయిలర్లో నీళ్ళు ఎంతున్నాయో చూపించే గాజు గొట్టం అది. నీళ్ళు దిగిపోతే ఫైర్‌బాక్సు, అంటే బొగ్గు మండే పెట్టె, పైకప్పు రేకు ఎర్రగా కాలి మెత్తబడతాది. పైన ఆవిరి ఒత్తిడికి అది కుంగిందంటే మనుషులు మిగలరు. అందుకే ఆ రేకులో సీసం బిళ్ళ పెడతారు. నీళ్ళు తగ్గితే ముందు అది కరిగి, ఆవిరి మంట మీదకి చిమ్ముతాది. రిటైరయినాక కూడా మా తాత నిద్రలో లేచి "నీళ్ళు చూడు" అనేవాడు.

మన దిక్కున వెయ్యడుగులు బోరు దించినా దుమ్మే వచ్చే ఊళ్ళున్నాయి. ఇక్కడ ఆవిరి కథ అంటే ముందు నీళ్ళ కథ. రాబోయే కాలమైతే, వాడిన ఆవిరిని చల్లార్చి మళ్ళీ నీళ్ళు చేసే కండెన్సర్ లేనిదే ఒక్క బండి కూడా కదలదు.

చంద్రగిరి టీచరు:
గాదంకి తమ్ముడూ, కరువుందని ఆ కాలాన్నే వదిలేస్తే, అదీ దాచినట్టే గదా. కరువులోనే పెట్టమందాం. నువ్వు చెప్పిన ఎండ ఆవిరి 2002లో పుట్టింది కాదు. 1878 పారిస్ ప్రదర్శనలో మూషో అనే ఫ్రెంచి లెక్కల మాస్టరు ఎండతో ఆవిరి యంత్రం నడిపి చూపించినాడు. ఇంకా దగ్గరికి రా. బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఉద్యోగి అద్దాలు వరసగా నిలబెట్టి, ఎండతో బాయిలర్ మరిగించి, నీళ్ళ పంపు నడిపినాడు. 1878లో దాని మీద పుస్తకం కూడా వేసినాడు. అవి కరువు ఏళ్ళే! ఇక్కడ చెరువులు నెర్రెలిచ్చి ఉంటే, అదే రైలు దారికి ఆ చివర ఎండతో నీళ్ళు తోడే యంత్రం ఉండాది. ఈ చివరికి వచ్చి ఉంటే? ఈ ప్రశ్న అడగాలంటే వెనక్కే పోవాల.

గాదంకి గాలి:
ఆడమ్స్ సంగతి నాకు తెలీదు టీచర్. ఒప్పుకుంటా. అయినా అద్దాలొచ్చినా పెత్తనం దొరలదే. ఆ నీళ్ళు ముందు ఎవరి మడికి పోతాయి, ఎవరి ఇంజన్‌కు పోతాయి? అది రాయకపోతే మళ్ళీ ఇక్కడికొచ్చి కొట్లాడతా.

పాకాల జంక్షన్:
రెండు ప్రతులూ పక్కన పెట్టేసినా. 1877 ఎండాకాలం, రేణిగుంట. బొంబాయి గూడ్సులోంచి వరిగడ్డిలో చుట్టిన అద్దాలు దిగుతా ఉంటాయి. పక్కనే ఇంజన్‌కు నీళ్ళు పట్టే గొట్టం కింద, కారే చుక్కల కోసం కుండలు పెట్టుకుని ఆడోళ్ళు. బాయిలర్ పిల్ల వాళ్ళలో ఒకతి. గాలి ఓడ తీసేసినా. మొదటి అధ్యాయం ఆదివారం ఇక్కడే పెడతా. మీటర్‌గేజీ అన్నా, ఆ సీసం బిళ్ళ ఎంత లావుంటాదో మీ ఇంట్లో ఎవర్నైనా అడిగి చెప్తారా?